పక్కు కట్టే దాకా

సిరొంచల కరెంటు పోయిన రాత్రి
నాకు పని సులువు.
టార్చి పట్టుకొని తిరగనీకి సాకు దొరుకుతది.

బిడ్డ నిద్రపోయినంక
దుప్పటి మెల్లగ జరిపి
ఎడమ కాలు, కుడి కాలు, మోకాళ్ల ఎనుక
వెలుతురు నడిపించుకుంట పోత.
ఆవగింజలంత ఎర్రటి చుక్కలు కొత్తగ మొలిచినయా?
నిన్నటి నీలం ఇయ్యాల పసుపుకు తిరిగిందా?
అనుమానమున్న చోట వేలు పెట్టి నొక్కుత.
తెల్లబడితే దోమ.
తెల్లబడకపోతే
తెల్లారే దాకా నేను గడపల కూసునుడే.

మోటార్లు చుట్టేటోన్ని.
ఇరవయ్యేండ్లసంది రాగితీగెతోని బతుకు.
కాలే మోటరు ముందే చెప్తది, వాసనతోని.
బుగ్గ దీపం ఆనిచ్చి ఏ చుట్టు తెగిందో పట్టుకుంట.
పిల్ల ఒంట్ల ఏ తీగె ఏ తీగెను తాకుతుందో
ఏ దీపం ఆనిచ్చి సూడాలె?

ఆరో ఏట ముక్కుల నుంచి రక్తం. ఆగలే.
సునంద కొంగు తడిసింది, నా తువ్వాల తడిసింది.
అప్పటికి వంతెన లేదు,
పడవల గోదారి దాటి, జీపుల వరంగల్.
పదకొండు వేలు, అన్నడు డాక్టరు.
నేను పైసలనుకున్న.
ఎట్లనన్న సర్దుకుంట సారూ, అన్న.
ఆయన నా దిక్కు చూసి
కుర్చీ జరిపి
కూసోమన్నడు.

లక్షన్నర ఉండాల్నట ప్లేట్‌లెట్లు.
ఒంట్ల కావలోడే ఇంటోళ్లను దొంగలనుకొని కొడుతుండట.
ఎందుకు సారూ?
తెల్వదు, అన్నడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

గుర్తుపట్టకపోవుడు మాకు కొత్త గాదు.
వరంగల్ కౌంటరుల పిల్లగాడు కార్డు తిరగేసి
మారాష్ట్రది, ఈడ నడవది అన్నడు.
చంద్రపూర్ల ఇంకొకాయన
ప్రణిత అని రాసుకున్నడు పేరు.
ప్రాణహిత, సార్, మా ఊరి నది పేరు, దిద్దుర్రి అంటే
ఎనుక లైను చూపిచ్చి
పుఢే సరకా, అన్నడు.
ముందుకు జరిగినం.

గోలీలకు మొఖం గుండ్రంగ ఉబ్బింది.
వాడకట్టు ఆడోళ్లు, బిడ్డ మంచిగ నిండింది, అన్నరు.
సునంద ఔనన్నది.

రెండేండ్లు అంకెలు నిలబడ్డయి.
టార్చి సెల్లు తుప్పు పట్టింది, నేను మార్చలే.
ఇగో, మొన్న దసరా సంది
పొద్దుగాల వేళ్ల కణుపులు వంగుతలేవు,
జడ సగం అల్లి తల్లికిస్తది.
ముక్కుకు అటూ ఇటూ చెంపల మీద ఎరుపు.
ఎండ, అంటది సునంద.
ఎండే, అంట నేను.
మేమిద్దరం ఒకరి మొఖం ఒకరం సూసుకోం.

కొత్త పరీక్షల పాజిటివ్ వచ్చింది.
లూపస్ అని ఇప్పుడే అనలేం,
కాదనీ అనలేం.
కనిపెట్టుకొని ఉండుర్రి, అన్నది పెద్ద డాక్టరమ్మ.
ఐదేండ్లసంది గదే పనమ్మా.
కనిపెట్టుకొని ఉన్నం గని
కనిపెట్టింది ఏం లేదు.

నిన్న బడి నుంచి కుంటుకుంట వచ్చింది.
ఖో-ఖో ఆడిందట. వద్దన్న ఆటే.
మోకాలు చెక్కుకపోయింది.
తిట్టనీకి నోరు రాలే. గడియారం దిక్కు సూసిన.
ఒక నిమిషం. రెండు. నాలుగు.
బాపూ, ఎవ్వరు నన్ను అందుకోలే తెలుసా, అంటుంది,
ఎవరెవరు ఉరికిన్రో మరాఠీల పేర్లు చెప్తుంది.
నేను ఇంటలేను.
ఏడో నిమిషానికి రక్తం చిక్కబడి
ఆగింది.
తనంతట తనే.

ఇయ్యాల దాని మీద నల్లగ పక్కు కట్టింది.
దురద వెడుతుంది బాపూ, అని గిల్లబోతుంటే
చెయ్యి పట్టుకున్న.
ఉండనియ్యి బిడ్డా.
ఉన్నన్ని రోజులు ఉండనియ్యి.

రాత్రి కరెంటు పోలే.
అయినా టార్చి తీసిన,
కొత్త సెల్లు వేసి,
ఆ ఒక్క మోకాలునే
శానసేపు సూసిన.